కంద: కంపుకొట్టే పువ్వు, దురదపెట్టే దుంప

కంద అరేసీ కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. శాస్త్రీయ నామం అమోర్ఫోఫాలస్ పియోనిఫోలియస్. సంస్కృతంలో సూరణం, హిందీలో సూరన్ లేదా జిమీకంద్, బెంగాలీలో ఓల్, తమిళంలో సేనై, మలయాళంలో చేన, కన్నడంలో సువర్ణగడ్డె అనేది దీన్నే. తెలంగాణలో చాలాచోట్ల చిలగడదుంపను కందగడ్డ అంటారు. అది వేరే మొక్క. పెండలంతోనూ దీనికి చుట్టరికం లేదు, దగ్గరి బంధువు చేమ. ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా ఉష్ణమండలమంతటా అమోర్ఫోఫాలస్ ప్రజాతి మొక్కలు సుమారు రెండు వందల రకాలున్నా, తిండి కోసం పెద్ద ఎత్తున సాగయ్యేవి కొద్దే. భారతదేశానికి సంబంధించినంతవరకూ వాటిలో ముఖ్యమైనది కంద. దాని మాట రాగానే రెండు చెడ్డ గుణాలు గుర్తుకొస్తాయి: పువ్వు కుళ్లిన మాంసంలా కంపుకొడుతుంది, దుంప గొంతు దురదపెడుతుంది. ఈ రెండూ ఒకే దోషమన్నట్టు మాట్లాడటం మామూలే గాని, ఆధారాలు ఆ మాటను నిలబెట్టవు. కంపు పురుగుల్ని రమ్మని పిలిచే పిలుపు. దురద తినవచ్చినవాటిని పొమ్మనే హెచ్చరిక. అవి పుట్టే భాగాలు వేరు, పనిచేసే కాలాలు వేరు, వాటి రసాయనాలు వేరు. మన రైతులూ వంటవాళ్లూ తరతరాలుగా దురదతో పోరాడి చాలావరకు గెలిచారు. కంపును మాత్రం ఎదుర్కొనే అవసరమే రాలేదు, ఎందుకంటే మొక్క పూతకు రాకముందే దుంప తవ్వేస్తున్నాం. పంటకు అసలు నష్టం అక్కడే జరిగింది.

ఇది అర్థం కావాలంటే ముందు మొక్క బతుకు తీరు చూడాలి. నేలపైన కనిపించే కంద మొక్క నిజానికి ఒకే ఒక ఆకు. కాండంలా నిటారుగా, మచ్చలతో నిలబడేది ఆకుకాడ. అది మీటరు నుంచి రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. పైన ఆకు మూడు పాయలుగా చీలి, ప్రతి పాయా మళ్లీ చీలికలై గొడుగులా విచ్చుకుంటుంది. అడవి రకాల కాడ గరుకుగా, బొడిపెలతో ఉంటుంది. సాగు రకాలది నునుపు. అసలు కాండం భూమిలో ఉన్న దుంపే. వృక్షశాస్త్రంలో ఇలాంటి కాండాన్ని కందం అనే అంటారు. అణిచిన బంతిలా బల్లపరుపుగా, పైన నడిమధ్య గుంటలో మొగ్గతో ఉండే ఈ దుంప మంచి నేలలో కొన్నేళ్లు పెరిగితే పది కిలోలు దాటుతుంది. వానాకాలమంతా ఆ ఒక్క ఆకూ పిండిపదార్థం తయారుచేసి కిందికి దింపుతుంది. చలికాలం వచ్చేసరికి ఆకు పండి వాలిపోతుంది, దుంప నిద్రపోతుంది. మరుసటి ఏడు ఆకు మొలిచేటప్పుడు పాత దుంప కరిగిపోయి దాని స్థానంలో, దానికన్నా పెద్దదిగా, కొత్త దుంప తయారవుతుంది. అంటే ఏటా మొక్క తన ఆస్తినంతా పెట్టుబడి పెట్టి మళ్లీ కూడబెట్టుకుంటుంది. ఒకే ఆకు, ఒకే దుంప; ఏది పోయినా ఆ ఏటి కష్టమంతా పోయినట్టే. ఇంత విలువైన నిల్వను ఒకేచోట ఉంచుకున్న మొక్కకు గట్టి కాపలా ఉండటంలో ఆశ్చర్యం లేదు. దురద ఆ కాపలా.

నిల్వ తగినంత అయ్యాక, సాధారణంగా మూడు నాలుగేళ్ల తరవాత, ఒక ఏడాది వేసవి చివర ఆకుకు బదులు పువ్వు వస్తుంది. మనం పువ్వు అనేది నిజానికి ఒక పుష్పగుచ్ఛం. నేలను అంటుకుని, అర మీటరు దాకా వెడల్పున, ముదురు ఊదా గోధుమ రంగుల్లో అంచులు ముడతలుపడిన తొడుగు విచ్చుకుంటుంది. దాని మధ్య లావుపాటి కంకి లేస్తుంది. కంకి అడుగున స్త్రీ పుష్పాలు, వాటిపైన పురుష పుష్పాలు, అన్నిటికన్నా పైన పువ్వులేమీ లేని, ముడతలతో ఉబ్బిన నల్లెరుపు ముద్ద ఉంటాయి. కంపు వచ్చేది ఆ ముద్దనుంచే. పూసిన మొదటి రోజు సాయంత్రానికి స్త్రీ పుష్పాల కీలాగ్రాలు పుప్పొడిని అందుకోవడానికి సిద్ధమవుతాయి. పురుష పుష్పాలు మాత్రం ఆ తరవాతి రోజు గాని పుప్పొడి రాల్చవు. అప్పటికి కీలాగ్రాల అదను దాటిపోతుంది. కాబట్టి తన పుప్పొడి తనకు పనికిరాదు. మరో మొక్క పుప్పొడి ఆ ఒక్క రాత్రిలోనే రావాలి. ఏళ్ల తరబడి కూడబెట్టి కొద్ది గంటల్లో ఖర్చుపెట్టే ఈ పనిలో దూరంగా ఉన్న పురుగుల్ని రప్పించగల సాధనం ఒక్కటే ఉంది, అది వాసన. కంకి పైముద్ద ఆ వేళకు తనలోని నిల్వల్ని వేగంగా మండించి చుట్టుపక్కల గాలికన్నా కొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడికి వాసన ద్రవ్యాలు ఆవిరై దూరం పోతాయి. ఈ కుటుంబంలోని మొక్కలు పూతలో వేడెక్కుతాయని ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 18వ శతాబ్దంలోనే గమనించాడు. ఆ వేడిని రగిల్చే సంకేతం శాలిసిలిక్ ఆమ్లమని కందకు చుట్టమైన మరో మొక్క మీద ప్రయోగం చేసి 1987లో ఇల్యా రాస్కిన్, బాస్టియాన్ మ్యూజ్ బృందం తేల్చింది. ఆస్పిరిన్‌కు మూలమైన పదార్థం ఒక పువ్వులో పొయ్యి రగిలించే పని చేస్తుందని తెలిసినప్పుడు వృక్షశాస్త్రజ్ఞులే అబ్బురపడ్డారు.

ఆ వాసన పువ్వు కుళ్లడం వల్ల పుట్టిందని చాలామంది అనుకుంటారు. పువ్వు అప్పుడు నిండు ఆరోగ్యంతో ఉంటుంది. కుళ్లడం తరవాతి మాట. కంద వాసనలో ప్రధానమైనవి డైమిథైల్ డైసల్ఫైడ్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ అనే గంధక సమ్మేళనాలు. చచ్చిన జంతువు కళేబరంలో గంధకం ఉన్న మాంసకృత్తులను సూక్ష్మజీవులు విరగగొట్టినప్పుడు వెలువడేవి కూడా ఇవే. మొక్క ఏ సూక్ష్మజీవి సాయమూ లేకుండా వాటిని తానే తయారుచేసుకుంటుంది. మాంసం రంగు, ముడతలు, వెచ్చదనం, వాసన అన్నీ కలిసి ఒక కళేబరాన్ని అనుకరిస్తాయి. కుళ్లు మీద బతికే పెంకు పురుగులు, ఈగలు వచ్చి తొడుగులోకి దిగుతాయి. నిన్న మరో పువ్వులో ఒంటికంటిన పుప్పొడిని ఇక్కడ వదులుతాయి. ఇక్కడ ఒక సందేహం సహజంగా వస్తుంది. పురుగుకు లోపల కళేబరమూ లేదు, తేనే లేదు. అక్కడ గుడ్లు పెట్టిన ఈగ పిల్లలకు తిండీ ఉండదు. ఇంత నష్టపోయే పురుగులు ఈ మోసాన్ని గుర్తించి దూరంగా ఉండటం నేర్చుకోవా? నేర్చుకుంటే వాటికే నష్టం. అడవిలో నిజమైన కళేబరాలు తరచుగా దొరుకుతాయి, కంద పువ్వు ఎప్పుడో ఒకసారి పూస్తుంది. ఆ వాసనను నమ్మకుండా ఎగిరిపోయే ఈగ పది నిజమైన అవకాశాలు పోగొట్టుకుంటుంది. పువ్వు అరుదుగా ఉన్నంతకాలం మోసం చెల్లుతుంది. ఈ ప్రజాతిలోనే అతిపెద్దదైన అమోర్ఫోఫాలస్ టైటానమ్‌దీ ఇదే పద్ధతి. ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు ఒడొయార్డో బెక్కారి 1878లో సుమత్రా అడవుల్లో దాన్ని చూశాడు. సాగులో అది మొదటిసారి 1889లో లండన్ క్యూ ఉద్యానంలో పూసింది. ఇప్పటికీ అది పూసిందంటే జనం వరసలు కట్టి చూస్తారు. మన పెరట్లో కంద పూస్తే అదే పువ్వు అని పత్రికల్లో పొరపాటున రాయడమూ జరుగుతోంది. ఫలదీకరణ జరిగిన కంద గుచ్ఛం వాడిపోక, కాడ సాగి పైకి లేస్తుంది. కాయలు పసుపు, నారింజ దాటి ఎర్రగా పండుతాయి, పక్షులు వాటిని తిని విత్తనాలను దూరం చేరుస్తాయి. రంగుతో పక్షిని, వాసనతో ఈగను పిలవడం ఒకే మొక్కకు తెలుసు.

దురద సంగతి పూర్తిగా వేరు. పువ్వులో కంపు కొద్ది గంటలది, దుంపలో దురద ఏడాది పొడవునా ఉంటుంది. కంద కణాల్లో కొన్నిటిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నని సూదుల కట్టలుగా ఉంటాయి. దుంప కోసినా, నమిలినా అవి చర్మంలోకి, నాలుకలోకి, గొంతులోకి దిగుతాయి. చాలాకాలం దురదకు ఈ సూదులే చాలిన కారణమని అనుకున్నారు. కానీ అలా అయితే ఉడికించినంత మాత్రాన దురద తగ్గకూడదు, ఎందుకంటే ఆ స్ఫటికాలు మరిగే నీటిలో కరగవు. ఉడికిన కంద ముక్కలోనూ సూదులు ఉంటాయి, గొంతు మాత్రం దురదపెట్టదు. ఈ చిక్కుముడిని విప్పినవి ఆస్ట్రేలియాలో హోవర్డ్ బ్రాడ్‌బరీ, ఆయన సహచరుడు 1998లో ప్రచురించిన ప్రయోగాలు. చేమ కుటుంబపు దుంపల్లోని సూదులను బాగా కడిగి, వాటికంటిన మాంసకృత్తును తీసేస్తే దురద గుణం పోయింది. ఆ మాంసకృత్తు కండను కరిగించే ఒక ఎంజైమ్. జపానులో 2014లో కివీ పండు సూదులతో ఆముదం పట్టుపురుగుల మీద చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా చెప్పింది: సూదులు ఒక్కటే ఇస్తే పురుగులకు పెద్దగా ఏమీ కాలేదు, ఎంజైమ్ ఒక్కటే ఇచ్చినా అంతే, రెండూ కలిపి ఇస్తే చచ్చిపోయాయి. సూది గాయం చేస్తుంది, ఎంజైమ్ ఆ గాయంలోకి దిగి మంట పుట్టిస్తుంది. వేడికి ఎంజైమ్ చెడిపోతుంది కాబట్టే ఉడికిన కంద గొంతుకు హాని చేయదు. వంటింట్లో ఆడవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనులకు ఇందులో సమాధానం ఉంది. చేతులకు నూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చోవడం సూదులు చర్మాన్ని చేరకుండా. ముక్కల్ని పుల్లమజ్జిగలోనో చింతపండు నీళ్లలోనో నానబెట్టడం, ఆ తరవాత పులుసులోనే ఉడికించడం పైపైన ఉన్నవాటిని కడగడానికి, పులుపుతో వాటి బలం తగ్గించడానికి. తవ్విన కందను కొన్నాళ్లు ఆరనిచ్చి వండితే దురద తక్కువ అన్నదీ అనుభవం నేర్పిన మాటే. ప్రయోగశాల కారణం చెప్పకముందే పద్ధతి సరిగ్గా ఉండటం గౌరవించాల్సిన విషయం.

తెలుగునాట ఈ సాగు ఎంత పాతదో చెప్పడానికి రాతలో ఉన్న మంచి సాక్ష్యం వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్‌ది. ఆయన 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల్ని వర్ణించి, చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. ఉత్తర సర్కారుల్లో దీన్ని విస్తారంగా పండిస్తారని, తెలుగువారు మంచి కంద అంటారని నమోదు చేశాడు. ఆయన పెట్టిన పేరు ఆరమ్ కంపానులాటమ్. అందుకే పాత పుస్తకాల్లో కంద అమోర్ఫోఫాలస్ కంపానులాటస్‌గా కనిపిస్తుంది. ఇప్పటి పేరుకు మూలం మరికాస్త వెనక, మలబారులో ఉంది. డచ్చి గవర్నరు హెండ్రిక్ వాన్ రీడ్, ఇట్టి అచ్యుతన్ వంటి స్థానిక వైద్యుల జ్ఞానంతో తయారుచేయించిన హోర్టస్ మలబారికస్ సంపుటాలు 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. అందులోని చేన బొమ్మల ఆధారంగా వృక్షశాస్త్రజ్ఞుడు డెన్‌స్టెట్ 1818లో ఈ జాతికి పేరు పెట్టాడు. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు డాన్ నికల్సన్ 1977లో ఆ పాత పేరుకే ప్రాధాన్యం ఉందని చూపి నేటి రూపాన్ని ఖాయం చేశాడు. పసిఫిక్ దీవుల్లో ఈ మొక్క కరువు తిండిగా మిగలగా, దక్షిణ భారతంలో పెళ్లి విందు కూర అయింది. ఈ తేడా మొక్కలో లేదు. దురదను లొంగదీసుకునే నేర్పు ఎక్కడ ఎంత పండిందన్న దానిలో ఉంది.

వంటకాల్లో ఆ నేర్పు బాగా కనిపిస్తుంది. గోదావరి జిల్లాల కందబచ్చలి కూరలో కంద మెత్తదనం, బచ్చలి జిగురు, చింతపండు పులుపు కలుస్తాయి. దించాక ఆవ పెట్టడంతో ఘాటు తగులుతుంది. కంద పులుసు, కంద వేపుడు, బియ్యంతో కలిపి రుబ్బి పోసే కంద అట్లు కోనసీమ ఇళ్లలో మామూలే. తద్దినం వంటల్లో బంగాళాదుంపకు చోటు లేదు గాని కందకు ఉంది. బయటినుంచి వచ్చిన దుంపలకన్నా ఇది ఎంత ముందునుంచి మనతో ఉందో ఆ ఒక్క నియమం చెబుతుంది. కేరళలో ఓణం సద్యలో ఎరిశ్శేరి, అవియల్ దీనితో చేస్తారు. బెంగాల్‌లో ఉడికించిన ఓల్‌ను ఆవముద్దతో కలిపి అన్నంలో తింటారు. కాశీ ప్రాంతంలో దీపావళి నాడు సూరన్ తినడం ఆచారం. పోషకాల లెక్కలో వంద గ్రాముల కంద సుమారు 79 కేలరీల శక్తి, 18 గ్రాముల పిండిపదార్థం, 50 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తుంది. నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. పీచు, పొటాషియం కూడా ఉన్నాయి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం వైద్యుణ్ణి అడిగి తినాలి. ముక్కల్ని ఉడికించిన నీళ్లు పారబోస్తే కరిగే ఆక్సలేట్లు కొంత పోతాయి. మందుగా దీని పేరు ఇంకా పెద్దది. ఆయుర్వేదం దీన్ని అర్శోఘ్నమంటుంది, మూలశంకను పోగొట్టేదని. భావప్రకాశం దుంపకూరలన్నిటిలో దీన్ని శ్రేష్ఠమని చెప్పింది. శార్ఙ్గధర సంహితలో సూరణ వటకం ఉంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మొలల వాపు తగ్గినట్టు కనిపించింది. పీచు వల్ల మలబద్ధకం తగ్గితే మొలల బాధ తగ్గడం సహజం. కానీ ఎలుకలో తగ్గిన వాపును మనిషికి చికిత్సగా ప్రకటించడం తొందరపాటు. రక్తం పడుతున్నవారు కంద లేహ్యం తింటూ పరీక్షలు వాయిదా వేయడం ప్రమాదం. కంద మంచి ఆహారం అనే మాట నిలబడటానికి అది మందు కూడా కావాల్సిన పని లేదు.

ఇక సాగు. కందను విత్తనంతో ఎవరూ వేయరు. అర కిలో నుంచి కిలో దాకా తూగే దుంప ముక్కను, నడిమి మొగ్గలో కొంత భాగం ప్రతి ముక్కకూ వచ్చేలా కోసి, పేడనీళ్లలో ముంచి ఆరబెట్టి, వేసవిలో నాటుతారు. కొబ్బరి, అరటి తోటల నీడలోనూ వేస్తారు. ఎనిమిది పది నెలలకు పంట చేతికొస్తుంది. తూర్పు, పశ్చిమ గోదావరి ప్రాంతాల రైతులు దురద తక్కువున్న, నునుపైన, పిలకలు పెట్టని దుంపల్ని ఏరుకుంటూ వచ్చారు. వాటినుంచి కొవ్వూరు పరిశోధన స్థానం ఎంపిక చేసి 1990ల మొదట్లో విడుదల చేసిన రకమే గజేంద్ర. అది హెక్టారుకు నలభై టన్నులు దాటి దిగుబడినిస్తుంది. బీహార్, బెంగాల్, గుజరాత్ దాకా వెళ్లి అక్కడి దురద రకాల్ని పక్కకు నెట్టింది. తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ శ్రీపద్మ, శ్రీ ఆతిర రకాల్ని ఇచ్చింది. గజేంద్ర తెలుగు రైతు కంటికీ, చేతికీ దక్కిన గొప్ప విజయం. దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అయితే ఒకే దుంపను ముక్కలు చేసి నాటుకుంటూ పోతే చేనంతా ఒకే మొక్క అయినట్టే. మొదలుకుళ్లు తెగులు తెచ్చే స్క్లెరోషియం శిలీంధ్రానికి ఒక మొక్క లొంగితే పక్కదీ లొంగుతుంది. చేమనూ కందనూ పట్టే మొజాయిక్ వైరస్ విత్తన ముక్కతోపాటే మరుసటి ఏటి చేలోకి దిగుతుంది. కొత్త గుణాలు కలవాలంటే రెండు వేరు వేరు మొక్కల కలయిక కావాలి. అది పూతలోనే జరుగుతుంది. మనమేమో పూత రాకముందే తవ్వేస్తున్నాం.

కందను పూత దాకా ఉంచి సంకరణం చేయాలన్న మాటకు రెండు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, ముక్కలతో వేసి వందల ఏళ్లు పండించాం, ఏమైంది అని. అప్పుడు ప్రతి ఊరికీ తన రకం, ప్రతి పెరడుకూ తన దుంప ఉండేవి. ఒకటి పోతే మరొకటి నిలిచేది. ఇప్పుడు ఒకే రకం రాష్ట్రాలు దాటి పాకింది, ఆ పాత రక్షణ పలచబడింది. రెండోది, సంకరణం చేసి లాభం ఏముంది, గజేంద్రకన్నా మంచిది వస్తుందన్న హామీ ఏమిటి అని. హామీ ఏ సంకరణంలోనూ ఉండదు. కానీ శ్రీ ఆతిర సంకరణం నుంచే వచ్చింది. దారి ఉందనడానికి అది చాలు. దారి కష్టమైనదన్నది నిజం: పువ్వులు ఏళ్లకోసారి వస్తాయి, ఒక మొక్క కీలాగ్రాలు సిద్ధమైన రాత్రికే మరో మొక్క పుప్పొడి రాల్చాలి, విత్తనం నుంచి వచ్చిన మొక్క దుంపగా ఎదగడానికి ఇంకొన్నేళ్లు. ఇంత కష్టమైన పని ముందు పరిశోధన స్థానాల్లో జరగాలి గాని, పూసే మొక్కలు ఎక్కువగా ఉన్నప్పుడే దానికి ముడిసరుకు దొరుకుతుంది. అడవి కందల్ని దురద రకాలని కొట్టి పారేయడం ఇక్కడే తప్పవుతుంది. మన చేలకు కావలసిన తెగులు నిరోధం వాటిలో వెతకాల్సిందే. దురద గుణం సంకర సంతానంలో ఏరివేతతో తగ్గించుకోవచ్చు, పోయిన జన్యువును మాత్రం తిరిగి తెచ్చుకోలేం.

కాబట్టి కంద వేసే రైతులకు, పెరడున్న ఇళ్లవాళ్లకు ఒక విన్నపం. ప్రతి ఏడూ నాలుగైదు మంచి దుంపల్ని, వీలైతే వేరు వేరు చోట్ల తెచ్చినవి, తవ్వకుండా భూమిలోనే వదిలేయండి. మూడో ఏటో నాలుగో ఏటో పువ్వు లేచి కంపుకొట్టినప్పుడు నరికి పారేయకండి; ఆ వాసన ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కాయలు పట్టి ఎర్రబడితే మీ జిల్లాలోని ఉద్యాన పరిశోధన స్థానానికి కబురు చేయండి.